4.3 ప్రాక్సీల వెనుక ఉన్న నోడ్‌కు చిరునామా

మామూలు ఇంటర్నెట్‌లో ఐ.పి. అడ్రస్ రెండు పనులు చేస్తుందని గత విభాగంలో చదివారు. కంప్యూటర్ ఎక్కడుందో చెబుతుంది. అది ఎవరిదో కూడా సూచిస్తుంది. మధ్యలో ప్రాక్సీలు చేరగానే ఈ రెండూ విడిపోతాయి. మీకు అందిన ప్యాకెట్ మీద ఉండేది పంపినవారి అడ్రస్ కాదు, చివరి ప్రాక్సీ అడ్రస్. మరి జవాబు ఎవరికి పంపాలి?

ఐ2పి అనే పీర్-టు-పీర్ నెట్‌వర్క్ దీన్ని ఎలా పరిష్కరించిందో చూద్దాం. ఇందులో సాధారణంగా ప్రతి సభ్యుని కంప్యూటరూ ఇతరులకు ప్రాక్సీగా పనిచేస్తుంది. ఆ పనిచేసే ప్రోగ్రామును రూటర్ అంటారు (ఇంట్లోని వైఫై పెట్టె కాదు). రూటర్ తన ఐ.పి. అడ్రస్‌ను బహిరంగంగానే ప్రకటిస్తుంది. దాని మీద నడిచే సర్వీసుకు మాత్రం డెస్టినేషన్ అనే వేరే గుర్తింపు ఉంటుంది. అందులో పబ్లిక్ కీలు ఉంటాయి, ఐ.పి. అడ్రస్ ఉండదు. దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌ను బేస్-32లో రాస్తే 52 అక్షరాల చిరునామా వస్తుంది.

ఇక చేరుకోవడం. సర్వీసు కొన్ని రూటర్లను ఎంచుకొని లోపలికి వచ్చే టన్నెల్ కట్టుకుంటుంది. టన్నెల్ మొదట్లో ఉండే రూటరే గేట్‌వే. గేట్‌వే ఏది, టన్నెల్ సంఖ్య ఎంత, గడువు ఎప్పటివరకు అన్న వివరాలను లీజ్‌సెట్‌గా రాసి, తన ప్రైవేట్ కీతో సంతకం చేసి, నెట్‌వర్క్ డేటాబేస్‌లో ఉంచుతుంది. టన్నెల్ ఆయుష్షు సుమారు 10 నిమిషాలే కనుక లీజ్‌సెట్ మారుతూనే ఉంటుంది. పూటకో మకాం మార్చినా సంతకం మారని మనిషిని ఊహించుకోండి. మీ రూటర్ ఆ సంతకాన్ని సరిచూసి, సందేశాన్ని తన బయటికి వెళ్లే టన్నెల్ ద్వారా గేట్‌వేకు పంపుతుంది. గేట్‌వేకు తెలిసేది తర్వాతి రూటర్ ఒక్కటే.

ప్రాక్సీ ఉంటే గుర్తింపు దాగిపోతుందని విద్యార్థులు తరచుగా రాస్తారు. అది పొరపాటు. ప్రాక్సీ దాచేది స్థానాన్ని. ఒకే డెస్టినేషన్‌తో రెండు పనులు చేస్తే, ఎన్ని టన్నెళ్లున్నా ఆ రెండూ ఒకరివేనని ఎవరైనా చెప్పగలరు. ఇంకొక చిక్కు ఉంది: మీ రూటర్ ఆగినప్పుడల్లా ఫలానా సర్వీసు కూడా ఆగుతుంటే, చాలాకాలం గమనించినవారు రెంటినీ జతచేయగలరు. ప్రైవేట్ కీ ఫైలు పోతే మరీ కష్టం. ఆ చిరునామాను తిరిగి ఇప్పించే కార్యాలయం ఎక్కడా లేదు. ఎవరైనా దాన్ని కాపీ చేసుకుంటే, వారు కూడా మీ పేరున సంతకం చేయగలరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక సర్వీసును ప్రైవేట్ కీ ఫైలుతో సహా వేరే ఊరిలోని కంప్యూటరుకు మార్చారు. 52 అక్షరాల చిరునామా మారుతుందా? లీజ్‌సెట్ సంగతేమిటి? కారణాలు రాయండి.