జాల ప్రమాణాలు – తెలుగు పాఠం పఠనీయత

ఒకే జాలపుట అన్ని బ్రౌజర్లలోనూ చదవడానికి వీలుగా ఉండాలంటే ప్రమాణాలను పాటించడం అవసరమా? ఈ ప్రశ్నకు తెలుగు అంతర్జాల చరిత్రలోనే స్పష్టమైన సమాధానం ఉంది.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు చోటు దక్కింది. 3072 నుండి 3199 వరకు గల 128 సంకేత స్థానాలు మన లిపివి. అందులో ‘క’ సంఖ్య 3093. అయినప్పటికీ తొలినాటి తెలుగు జాలస్థలులు అనేకం రోమన్ అక్షరాల సంకేతాలపై తెలుగు ఆకృతులను అమర్చిన సొంత ఫాంట్లను వాడాయి. వాటిని పాఠకునికి చేరవేసిన పద్ధతుల్లో ఒకటైన ‘ఎంబెడెడ్ ఓపెన్‌టైప్’ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే పరిమితం. ఆ పుటలను ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థరహితమైన రోమన్ అక్షరాలు, గుర్తులు కనిపించేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ‘పద్మ’ అనే ఉపకరణం అవసరమైంది.

ప్రమాణాన్ని పాటించినంత మాత్రాన అంతటా ఒకే రూపం సిద్ధిస్తుందని చెప్పలేం. యూనికోడ్‌లో ‘క్ష’ అనేది క, పొల్లు, ష అనే మూడు సంకేతాల వరుస. వాటిని సంయుక్తాక్షరంగా కూర్చడం ఫాంటు, తంత్రాంశాల పని. అవి లోపిస్తే అక్షరాలు విడిపోయి కనిపిస్తాయి. అయితే ఇక్కడ చెడేది రూపమే, పాఠం చెక్కుచెదరదు. తంత్రాంశం మెరుగుపడగానే అదే పుట సరిగా కనిపిస్తుంది. సొంత ఫాంట్ల విషయంలో మాత్రం ఫాంటు దూరమైతే పాఠమే దూరమవుతుంది.

కనుక ప్రమాణాలు రూపసామ్యానికి పూర్తి హామీ కాకపోయినా పాఠ పరిరక్షణకు ఆధారం. ముద్రణ కోసం యూనికోడేతర ఫాంట్లలో కూర్చిన సిద్ధాంత గ్రంథాలను యథాతథంగా జాలంలో ఉంచితే అవి పదాన్వేషణకు అందవు. తర్వాతి పరిశోధకునికి అవి దొరకాలంటే ముందుగా యూనికోడ్‌లోకి మార్చడం తప్పనిసరి.