జైలుకైనా పోతా... పైసా ఇవ్వను!

మనోవర్తి కేసుల్లో కోర్టు మెట్లెక్కిన ఆడవాళ్లకి ఈ మాట కొత్త కాదు. నెలకింత ఇమ్మని జడ్జిగారు ఉత్తర్వు ఇస్తారు. ఆయనగారు ఒక నెల ఇస్తాడు, నాలుగు నెలలు ఎగ్గొడతాడు. వాయిదాకి రమ్మంటే రాడు. తిరిగి తిరిగి విసిగిపోయి, "పోనీలే, ఆ డబ్బు మనది కాదనుకుందాం" అని ఈవిడ ఊరుకుంటుంది. ఆయనకి కావలసిందీ అదే!

మనోవర్తి ఇప్పించే పాత 125వ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. (ఊళ్లో గొడవలప్పుడు పెట్టే 144 కాదండోయ్! దాని నంబరు ఇప్పుడు 163.) సరైన కారణం లేకుండా డబ్బు ఎగ్గొడితే మేజిస్ట్రేటు వారంటు ఇస్తారు. సామాను జప్తు చేయించవచ్చు. శిస్తు బకాయి రాబట్టినట్టు కలెక్టరు ద్వారా ఆస్తి నుంచి వసూలు చేయించవచ్చు. అప్పటికీ కట్టకపోతే నెల దాకా జైలు.

మరి జైలుకి వెళ్లొస్తే బాకీ తీరిపోతుందా? తీరదు! జైలు అనేది డబ్బు రాబట్టే మార్గమే తప్ప డబ్బు చెల్లించినట్టు కాదని సుప్రీంకోర్టు 1980ల చివర్లోనే తేల్చిచెప్పింది. అంటే నెల్లాళ్లు లోపల కూర్చుని వచ్చినా బకాయి అణా పైసలతో అలాగే ఉంటుంది.

కాకపోతే ఒక మెలిక ఉంది. డబ్బు రావలసిన తేదీ నుంచి ఏడాదిలోపు వసూలుకి అర్జీ పెట్టాలి. ఆలస్యమైతే ఈ వారంటు దారి మూసుకుపోతుంది. అందుకే పాల లెక్క రాసే క్యాలెండరు మీదే ఏ నెల వచ్చిందీ, ఏ నెల రానిదీ రాసిపెట్టుకోండి.

కొందరు మగవాళ్లు ఇంకో ఎత్తు వేస్తారు. "కాపురానికొస్తే పోషిస్తాను, లేకపోతే లేదు" అంటారు. రానంటే ఎందుకు రానంటున్నారో కోర్టు వింటుంది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నా, వేరొకావిణ్ణి ఉంచుకున్నా అది సరైన కారణమేనని చట్టంలోనే రాసి ఉంది.

భర్త ఉద్యోగస్తుడైతే 2005 నాటి గృహహింస చట్టం బాగా పనికొస్తుంది. దాని కింద ఇచ్చిన ఉత్తర్వును ఆయన పాటించకపోతే, జీతంలోంచి కోసి నేరుగా మీకే కట్టమని ఆఫీసువాళ్లకి మేజిస్ట్రేటు చెప్పవచ్చు.

లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచితంగా లాయర్ని పెట్టాలని 1987 నాటి చట్టం చెబుతోంది. జిల్లా కోర్టుకి వెళ్లి న్యాయసేవాధికార సంస్థ ఎక్కడని అడగండి. కోర్టు ఉత్తర్వు కాపీ, ఆ క్యాలెండరు కూడా పట్టుకెళ్లండి.