మంటలంటని బ్యాటరీ వస్తుందా? సల్ఫైడ్ ఘన ఎలక్ట్రోలైట్లపై వివరణ

(ప్రత్యేక వ్యాసం)

మొగుళ్లపల్లి, జయశంకర్ భూపాలపల్లి జిల్లా: 2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులోని ఒక విద్యుత్ స్కూటర్ల విక్రయశాలలో చెలరేగిన అగ్నిప్రమాదంలో, పై అంతస్తులలోని లాడ్జిలో ఉన్న ఎనిమిది మంది మృతి చెందిన విషయం విదితమే. విద్యుత్ ద్విచక్ర వాహనాలు మొగుళ్లపల్లి వంటి గ్రామీణ మండలాలకు సైతం చేరుతున్న నేపథ్యంలో, మంటలంటని ఘనస్థితి బ్యాటరీలు రానున్నాయన్న వార్తలలో వాస్తవమెంతో పాత్రికేయులు, అధికారులు తెలుసుకోవలసి ఉన్నది.

ప్రస్తుత లిథియం అయాన్ బ్యాటరీలో రెండు ఎలక్ట్రోడ్ల నడుమ లిథియం లవణాన్ని కరిగించిన కర్బన ద్రావకం ఉంటుంది. అయానులు రాకపోకలు సాగించేది దీని ద్వారానే. ఇది తేలికగా మండే ద్రవం. లోపల షార్ట్ సర్క్యూట్ ఏర్పడి వేడి పెరిగిన పక్షంలో ఇదే ఇంధనమవుతుంది. ద్రవానికి బదులు ఘనపదార్థాన్ని అమర్చిన దానిని ఘనస్థితి బ్యాటరీ అంటారు.

ఘనపదార్థంలో అయానులు అంత వేగంగా కదలగలవా అన్న సందేహం చిరకాలం కొనసాగింది. 2011లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ర్యోజి కన్నో బృందం లిథియం, జెర్మేనియం, భాస్వరం, గంధకాల సమ్మేళనంలో సెంటీమీటరుకు 12 మిల్లీసీమెన్స్ వాహకతను సాధించింది. ఇది ద్రవ ఎలక్ట్రోలైట్లకు దీటైనది. 2016లో ఖరీదైన జెర్మేనియం స్థానంలో సిలికాన్‌ను వాడి, కొంత క్లోరిన్ చేర్చగా వాహకత 25కు చేరినది. ఇందుకు మూలం గంధకమే. ఆక్సిజన్ అయానుతో పోల్చితే గంధకపు అయాను పెద్దది, లిథియంను గట్టిగా పట్టి ఉంచదు. పైగా సల్ఫైడ్ పొడిని గది ఉష్ణోగ్రత వద్దనే ఒత్తి బిళ్లగా చేయవచ్చు. ఆక్సైడ్ రకాలనైతే కుండలను ఆవములో కాల్చినట్లు, అంతకంటే ఎంతో ఎక్కువ వేడిమి వద్ద కాల్చవలసి వస్తుంది.

ప్రచారంలో తరచు మరుగున పడే అంశం తేమ. సల్ఫైడ్ ఎలక్ట్రోలైట్‌కు గాలిలోని తేమ తగిలినచో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. తొలుత కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది. గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు చేరితే ప్రాణాపాయం. ఆ స్థాయిలో ముక్కు వాసనను పసిగట్టే శక్తిని కోల్పోతుంది. వాసన ఆగినందున ప్రమాదం తొలగినదని భావించరాదు. కర్మాగారాలలో తేమ లేని ప్రత్యేక గదులు అవసరమగుట వల్ల వ్యయం కూడా పెరుగుతుంది. ఘన పొరలోని పగుళ్ల గుండా లిథియం సూదుల వలె పెరిగి షార్ట్ సర్క్యూట్ కలిగించే సమస్య సైతం పూర్తిగా పరిష్కారం కాలేదు.

టొయోటా, ఇదెమిట్సు కోసన్ సంస్థలు 2027-28 నాటికి వీటిని వాణిజ్యపరంగా తేవాలన్న లక్ష్యాన్ని 2023 అక్టోబరులో ప్రకటించాయి. మన రాష్ట్రంలో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లి కర్మాగారం నిమిత్తం అమరరాజా సంస్థ 2022 డిసెంబరులో ప్రభుత్వంతో అవగాహన ఒప్పందం చేసుకున్నది. 2024లో ఆ సంస్థ లైసెన్సు పొందినది లిథియం అయాన్ సాంకేతికతకే గాని ఘనస్థితి బ్యాటరీలకు కాదు.

విద్యుత్ స్కూటర్లలో నేటికీ సాధారణంగా ఉన్నది ద్రవ ఎలక్ట్రోలైటే. కావున నివాసాల కింద విక్రయశాలలు, చార్జింగ్ కేంద్రాల తనిఖీలో సడలింపునకు తావు లేదు. ఘనస్థితి బ్యాటరీ అని ప్రకటించే విక్రేతను అది పూర్తి ఘనమా, పాక్షిక ఘనమా, సల్ఫైడ్ రకమా అని పాత్రికేయులు అడిగి, లిఖితపూర్వక సమాధానం పొందుట మంచిది.

(సమాచార, పౌర సంబంధాల శాఖచే జారీ చేయడమైనది)