పిల్లులకు వచ్చు తామర

మన తెలుగున తామర యను మాట కొలనిలోని పూవునకును జెల్లును, చర్మమును బట్టు తెగులునకును జెల్లును. కవులకు మొదటిది, గృహిణులకు రెండవది! సికిందరాబాదున వానలు పట్టి గోడలు చెమ్మగిలు దినములలో నీ రెండవ తామర మనుష్యులతో పాటు పెంపుడు పిల్లులను గూడ బట్టుచున్నది. పొడుగు బొచ్చుగల పర్షియా పిల్లులకు మఱింత సులభముగా నంటును.

మా మారేడుపల్లిలో నొక యింట పిల్లికూన చెవిమీద రూపాయంత మేర బొచ్చు రాలినది. పోట్లాటలో జీరుకొన్నదని యెవ్వరును లెక్కసేయలేదు. మూడు వారములకు ఆ యింటి చిన్నదాని మెడమీదను, తల్లి ముంజేతిమీదను ఎఱ్ఱని చక్రములు లేచినవి. అంగడిలో నడిగి తెచ్చిన లేపనము పూయగా రెండు దినములు దురద తగ్గి, పిమ్మట మచ్చలు రెట్టింపయ్యెను. అందు స్టెరాయిడు కలసియున్నదని చర్మవైద్యురాలు చెప్పినది. అది మంటను అణచునే గాని బూజును జంపదు. పైగా చర్మముయొక్క ఎదిరించు శక్తిని దగ్గించి బూజునకే మేలుచేయును. ఇంతలో అత్తగారు పిల్లిని మోండా మార్కెట్టులో విడిచి రమ్మనిరి. చిన్నది రెండు పూటలు అన్నము ముట్టలేదు. అత్తగారి భయమును మేము తప్పు పట్టము. కాని పిల్లి వెడలినను, రాలిన వెండ్రుకలలోని బీజములు ఇంటనే యుండును; అనుకూలమైన చోట ఏడాదికి పైగా నిలువగలవు.

దీనికి గారణము పురుగు గాదు, మైక్రోస్పోరము కానిస్ అను బూజు. కానిస్ అనగా లాటిను భాషలో కుక్కదని యర్థము. అయినను దీని ముఖ్యనివాసము పిల్లియే! ఉడ్ దీపమను నతినీలలోహిత కాంతిని 1925 మొదలు వైద్యులు తామర పరీక్షకు వాడుచున్నారు. సోకిన వెండ్రుకలు లేత యాకుపచ్చగా మెఱయును. మెఱయలేదని వ్యాధి లేదనుకొనరాదు. వెండ్రుకలను దీసి ప్రయోగశాలలో బూజు మొలిపించి చూడవలెను. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల కలదు.

సున్నమును గంధకమును గలిపి కాచిన ద్రవమును వైద్యుడు చెప్పిన పాళమున నీటగలిపి, వారమునకు రెండు మారులు పిల్లి మేనంతయు దడుపుదురు. గంధకము మన పూర్వవైద్యులును ఎఱిగినదే. వాసన కుళ్లిన గ్రుడ్లవంటిది. వెండి నగలు నల్లబడును గనుక ముందే దీసివేయుడు. లోపలికి ఇట్రాకొనజోల్ వంటి మందును పిల్లి తూకము చూచి వైద్యుడిచ్చును. చూలు పిల్లి యైనచో ముందుగా జెప్పవలెను. బొచ్చు మొలచినదని నడుమ మానరాదు. కిరసనాయిలు, నల్ల ఫినాయిలు ఎన్నడును పూయవలదు. పిల్లి తన మేనిని నాకుకొనును. అట్టి విషమును విఱుచు శక్తి దాని కాలేయమునకు మిక్కిలి తక్కువ. నేల తుడుచుటకు గూడ నల్ల ఫినాయిలు మానుటయే మేలు.

మేము చెప్పిన యింట పిల్లికి నున్నని నేలగల వెనుకగది నిచ్చిరి. పొడిచీపురుతో నూడ్చిన బీజములు గాలి కెగయును గనుక, తడిగుడ్డతో వెండ్రుకలను ప్రోగుచేసి పాఱవేసి, సబ్బునీట గడిగి, తరువాతనే బ్లీచింగు నీరు పూయవలెను. దానితో నాసిడును గలుపరాదు, విషవాయువు పుట్టును. పిల్లి పఱుపుగుడ్డలు వేఱుగా రెండు మారులు ఉదికి యెండవేయవలెను. గదిలోనికి బోవువారు పాత చీరనో చొక్కానో ధరించి, వెలుపలికి రాగానే మార్చుకొని చేతులు గడుగుకొనుడు. క్రొత్త పిల్లిని దెచ్చినప్పుడు, మచ్చ లేకున్నను, వైద్యునకు జూపువఱకు వేఱుగదిలో నుంచుడు. పొడుగు బొచ్చు పిల్లులు కొన్ని పైకి గనబడకయే బూజును మోయును.