డోర్ నంబర్ లేని ఇంటికీ అడ్రస్.. డిజిపిన్ ఎలా పనిచేస్తుందంటే?

అర్ధరాత్రి 108కి ఫోన్ చేస్తారు. ఇంటికి డోర్ నంబర్ ఉండదు. ‘వాటర్ ట్యాంక్ దాటాక వేపచెట్టు పక్క సందు’ అని దారి చెప్పడానికే పది నిమిషాలు పోతాయి. ఇలాంటి చిక్కులు తీర్చేందుకే తపాలా శాఖ.. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీతో కలిసి డిజిపిన్ తయారు చేసింది. 2025 మేలో ఇది అందుబాటులోకి వచ్చింది.

లెక్క సింపులే. దేశమంతా కవరయ్యే మ్యాప్‌ను 16 గడులుగా విడగొడతారు. ఒక్కో గడినీ మళ్లీ 16 చేస్తారు. ఇలా 10 సార్లు చేస్తే చివరికి మిగిలేది సుమారు 4 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పున్న గడి. అంటే ఒక గదంత జాగా! ఒక్కో దశకు ఒక అంకె లేదా అక్షరం చొప్పున మొత్తం 10 వస్తాయి. అదే మీ కోడ్.

అయితే ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూఇటూ చూపిస్తే పక్కింటి కోడ్ వచ్చేస్తుంది. అందుకే శాటిలైట్ మ్యాప్‌లో మీ ఇంటి కప్పు గుర్తుపట్టి, గుమ్మం వైపు పాయింట్ పెట్టి కోడ్ తీసుకోవడం మేలు. అపార్ట్‌మెంట్‌లో పైనున్న ఫ్లాట్‌కీ, కిందున్న ఫ్లాట్‌కీ ఒకటే కోడ్ వస్తుంది కాబట్టి ఫ్లాట్ నంబర్ చెప్పాల్సిందే. ఇంకో మాట.. అవతల డ్రైవర్‌కి ఆ కోడ్ ఓపెన్ చేయడం తెలిస్తేనే ఇదంతా పనికొచ్చేది. పాత 6 అంకెల పిన్‌కోడ్ మాత్రం ఎక్కడికీ పోదు.