అంత్యకాలమున మిత్రధర్మము



ఆపదయందు విడువనివాడే మిత్రుడని మన పెద్దలందరును చెప్పిరి. ఆపదలన్నిటిలోను కడపటి ఆపద ఒకటి కలదు. “వ్యాధి నయమగు దశ దాటినది. ఇక ఇంటికి తీసికొనిపోయి బాధ లేకుండ చూచుకొనుడు” అని వైద్యులు చెప్పిన నాడు అది మొదలగును. ఆనాటివరకు ప్రతిదినము వచ్చి పలుకరించిన స్నేహితులలో పలువురు ఆ తరువాత కనిపింపరు. వారు ప్రేమ లేనివారు కారు. ఏమి మాటలాడవలెనో తెలియక, ఆ స్థితిలో చూడలేక దూరమగుదురు. మరికొందరు దీనికి విరుద్ధముగా వేళ కాని వేళ వచ్చి, తమకు తోచిన మందులు, మ్రొక్కులు, పథ్యములు చెప్పి రోగిని, ఇంటివారిని అలసట పెట్టుదురు. ఈ రెండు త్రోవలకును నడుమ మిత్రధర్మమనునది ఒకటి ఉన్నది. దానిని గూర్చి నేడు విచారింతము.

మహాభారతమున భీష్మపర్వములోని ఒక ఘట్టమును స్మరింపుడు. పదవనాటి యుద్ధమున భీష్మాచార్యుడు పడిపోయెను. దేహము శరములపై నిలిచినది గాని, తలకు ఆధారము లేక వ్రేలాడుచుండెను. తలగడ కావలెనని ఆయన అడిగెను. రాజులందరును పరుగుపరుగున మెత్తని, వెలగల తలగడలను తెచ్చిరి. ఆయన నవ్వి, వీరశయ్యకు ఇవి తగవని చెప్పి అర్జునుని వైపు చూచెను. అర్జునుడు కన్నీటితో “ఏమి ఆజ్ఞ?” అని అడిగి, ఆయన మనస్సు తెలిసికొని, మూడు బాణములను నాటి తలకు ఆనిక కల్పించెను. దుర్యోధనుడు శల్యములను తీయు వైద్యులను రప్పింపగా, వారికి ధనమిచ్చి గౌరవించి పంపివేయుమని భీష్ముడు చెప్పెను. మరునాడు నీరు అడిగినప్పుడును ఇదే విధము. రాజులు భక్ష్యములను, చల్లని నీటి కుండలను తెచ్చిరి. అర్జునుడు భూమిని భేదించి జలధారను ఆయన చెంతకు రప్పించెను.

రాజుల తలగడలలో దోషము లేదు. అవి తమకు సుఖమిచ్చు వస్తువులు. తమకు సుఖమైనది ఆయనకును సుఖమే అని వారు తలచిరి. అర్జునుడు మొదట అడిగెను, తరువాత చేసెను. మిత్రధర్మము యొక్క మొదటి మెట్టు ఇదియే.

ఇక రెండవ ఘట్టము శల్య, సౌప్తిక పర్వములలోనిది. తొడలు విరిగి దుర్యోధనుడు నేలపై పడియుండగా అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ వచ్చి విలపించిరి. అశ్వత్థామకు మిత్రునియందు ప్రేమ తక్కువైనది కాదు. కాని ఆ దుఃఖమును భరింపలేక, ఏదియో ఒకటి చేసి తీరవలెనని ప్రతిజ్ఞ పట్టి, ఆ రాత్రి పాండవ శిబిరమునకు పోయెను. తిరిగి వచ్చునప్పటికి ప్రాణావశిష్టుడైన ఆ రాజు చుట్టును క్రూరమృగములు చేరియుండగా, వానిని ఆతడు కష్టముతో వారించుకొనుచుండెను. మిత్రుడు తెచ్చిన వార్త ఆతనికి ప్రియమైనదే. కాని ఆ రాత్రియంతయు దప్పికకు నీరిచ్చువాడు, చేయి పట్టుకొనువాడు ఒక్కడును లేకపోయెను.

నేడును ఇట్టి అశ్వత్థామలు మన ఇండ్లలో కలరు. ఏ ఊరిలోనో ఆకు మందు ఇచ్చుచున్నారని, మరియొక నగరమున క్రొత్త చికిత్స ఉన్నదని పరుగులు తీయుదురు. ఆశ ఉన్నంతవరకు ప్రయత్నము చేయవలసినదే. వైద్యులు స్పష్టముగా చెప్పిన తరువాత కూడ ఆగని ఆ పరుగు రోగి కొరకు కాదు, మన దుఃఖమునకు ఉపశమనము కొరకు. ఆ సమయమున రోగి గదిలో ఒంటరిగా ఉండును.

చెంత ఉండుట అనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. ముందుగా నొప్పిని తగ్గింపవలెను. “పూర్వకర్మఫలము అనుభవించి తీరవలసినదే, నొప్పికి మందెందుకు?” అని కొందరు భక్తులే అనుచుందురు. ఇది శాస్త్రమును అపార్థము చేసికొనుట. ఆకలియు కర్మఫలమే యైనచో అన్నదానము అధర్మము కావలసి వచ్చును. కర్మసిద్ధాంతము మనము ఓర్చుకొనుటకు చెప్పినది గాని, ఎదుటివాని బాధను చూచుచు ఊరకుండుటకు చెప్పినది కాదు.

ఈ కాలమున దీనికై ఒక వైద్యశాఖయే వెలసినది. దానిని పాలియేటివ్ కేర్ అందురు. మనము ఉపశమన చికిత్స అని చెప్పుకొనవచ్చును. ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అను వైద్యురాలు 1967లో లండను నగరమున ఇట్టి రోగులకై ఒక ఆశ్రయమును స్థాపించినది. రోగి బాధ దేహమునకు మాత్రమే చెందినది కాదనియు, మనస్సు, కుటుంబము, ఆధ్యాత్మిక చింత అన్నియు అందు కలిసియుండుననియు ఆమె బోధించినది. కేరళలో 1993లో కోళిక్కోడున మొదలైన సంస్థ ద్వారా ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగుల ఇండ్లకు పోయి సేవ చేయు పద్ధతి వ్యాపించినది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిలోను ఈ విభాగము కలదు.

క్యాన్సరు నొప్పికి ఇచ్చు మార్ఫిన్ అను మందును గూర్చి జనులలో భయము ఎక్కువ. అలవాటు పడుదురనియు, ప్రాణము త్వరగా పోవుననియు తలచుదురు. వైద్యుడు నొప్పికి తగినట్లు మోతాదు నిర్ణయించి, వేళ తప్పక ఇచ్చినచో ఈ భయములకు తావు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సరు నొప్పికి దీనిని వాడు క్రమమును ప్రకటించినది. మాదకద్రవ్యములకు సంబంధించిన 1985 నాటి చట్టము వలన ఈ మందు దొరకుట దుర్లభమైనది. 2014లో దానిని సవరించి, వైద్యమునకు కావలసిన మార్ఫిన్ లభించుటకు మార్గము సులభము చేసిరి. ఈ మందు వలన మలబద్ధము సాధారణముగా కలుగును గనుక, దానికి విరుగుడు కూడ వైద్యుని అడిగి మొదటినుండియే ఇప్పించవలెను. ఇట్టి చిన్న సంగతిని గుర్తుంచుకొని అడుగుట కూడ మిత్రుని పనియే.

ఇక మాటల సంగతి. రోగికి నిజము చెప్పవలెనా, దాచవలెనా అని అందరును అడుగుదురు. అబద్ధము చెప్పరాదు. అడుగని దానిని తలపై రుద్దనురాదు. “నీకు వైద్యులు ఏమి చెప్పిరి? ఇంకను ఏమి తెలిసికొనవలెనని ఉన్నది?” అని మెల్లగా అడిగినచో, ఎంత దూరము పోవలెనో ఆతడే చెప్పును. ఆతడు మరణమును గూర్చి ఎత్తినప్పుడు “ఛీ, అవేమి మాటలు! నీకేమియు కాదు” అని నోరు మూయించుట క్రూరత్వము. ఆ మాట చెప్పుకొనుటకు ఆతనికి భార్యాపుత్రులు కుదరరు. వారు ఏడ్చెదరని ఆతని భయము. మిత్రుడు కుదురును. తీర్పవలసిన బాకీ, కుమార్తెకు చెప్పవలసిన మాట, మాటలు మానిన తమ్ముని పిలుచుట మొదలగునవి అప్పుడే బయటపడును. అట్లే కడపటి దశలో యంత్రములపై ప్రాణము నిలుపవలదని కోరువారు ముందుగా వ్రాసియుంచవచ్చునని సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇచ్చినది. 2023లో ఆ విధానమును సులభము చేసి, ఇద్దరు సాక్షులతో నోటరీ ఎదుట గాని, గెజిటెడ్ అధికారి ఎదుట గాని వ్రాసిన చాలునని చెప్పినది. మిత్రుడు కోరినచో ఆ కాగితము పని చూచిపెట్టవలెను. కోరనిచో ఒత్తిడి చేయరాదు.

నాతో కలిసి పాఠశాలలో సంత చెప్పుకొన్న సహాధ్యాయి ఒకడు కాలేయమునకు క్యాన్సరు సోకి మంచము పట్టెను. వచ్చినవారందరును ఆతని చెవిలో స్తోత్రములు చదువుచుండిరి. నేను వెళ్లి “నీకేమి కావలెనురా?” అని అడిగితిని. “స్తోత్రాలు చాలా విన్నానురా. మన గురువుగారు నీచేత గుంజీలు తీయించిన సంగతి చెప్పు” అని నవ్వెను. మూడు వారములు అవే కబుర్లు చెప్పుకొంటిమి. అటుపిమ్మట ఒకనాడు తానే “ఇక పనస చెప్పు” అనెను. కడపటి రెండు దినములు ఆతనికి మాట లేదు, కన్ను తెరువలేదు. నేను మెల్లగా పనస చెప్పుచుండగా, దుప్పటిపైనున్న కుడిచేతి వ్రేలు స్వరమునకు తగినట్లు క్రిందికి, మీదికి కదలుచుండెను. స్పృహ లేదని తలచి మనము ఆ గదిలో ఏదియో మాటలాడుదుము. 2020లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు, పలుకలేని స్థితిలోనున్న కొందరు రోగుల మెదడు కూడ ధ్వనులకు స్పందించుచున్నదని ప్రకటించిరి. కావున చివరి క్షణమువరకు వినుచున్నాడనియే భావించి మాటలాడవలెను. ఆస్తి పంపకములు, దహన ఏర్పాట్లు ఆ గదిలో చర్చింపరాదు.

చివరి దినములలో జరుగు మార్పులను ముందే తెలిసికొన్నచో భయముండదు. ఆకలి, దప్పిక తగ్గిపోవును. అన్నము తినకపోవుట వలన ప్రాణము పోవుచున్నదని మనము తలచుదుము. నిజమునకు, ప్రాణము వెడలు దశలో దేహము అన్నమును కోరదు. బలవంతముగా పెట్టినచో గొంతుకు అడ్డుపడును, ఊపిరితిత్తులలోనికి పోవును. చేతులు, కాళ్లు చల్లబడును. ఊపిరి కొంతసేపు ఆగి మరల వచ్చును. గొంతులో గురగుర శబ్దము కలుగును. అది చూచువారికి కలిగించునంత బాధను సాధారణముగా రోగికి కలిగింపదు. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టిన కొంత తగ్గును. పుండ్లు పడకుండ రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెను.

ఇచట ఒక ఆచారమును గూర్చి చెప్పవలసియున్నది. తులసీతీర్థము, గంగాజలము నోటిలో పోయుట మనకు పవిత్రమైన ఆచారము. కాని మ్రింగలేని స్థితిలో బంధువులు పదిమందియు వరుసగా ఉద్ధరిణెతో పోసినచో ఆ జలమే ఊపిరికి అడ్డమై, చివరి ఘడియ యాతనగా మారును. తులసీదళమును తీర్థమున ముంచి పెదవులను తడిపిన చాలును. శాస్త్రమునకు భంగము లేదు, రోగికి బాధ లేదు. ఆ గదిలో ఈ మాట చెప్పగల ధైర్యము కుటుంబములో ఎవరికిని ఉండదు. మిత్రుడు చెప్పవలెను.

రోగిని చూచుకొను ఇల్లాలిని మరువరాదు. ఆమెకు నిద్ర ఉండదు. “ఏదైన కావలసిన చెప్పుడు” అనినచో ఆమె ఏమియు అడుగదు. “ఈ రాత్రి పది గంటల నుండి రెండు వరకు నేను కూర్చుందును, మీరు పడుకొనుడు” అనుట నిజమైన సహాయము. పన్నెండవనాటితో బంధువులందరును వెళ్లిపోయిన తరువాత, నెల తిరిగిన పిమ్మట ఒకసారి ఆ ఇంటికి పోయి పలుకరించుట కూడ మిత్రధర్మములోనిదే.

“మాకు తీరిక ఏది?” అనువారు జటాయువు కథను స్మరింపవలెను. సీతాదేవి జాడ తెలియక శ్రీరామచంద్రుడు అడవులు గాలించుచుండెను. ఒక్కొక్క క్షణము విలువైనది. అట్టి సమయమున తండ్రికి మిత్రుడైన జటాయువు రెక్కలు తెగి పడియుండుట చూచి, ధనుస్సును ప్రక్కన పడవైచి ఆ పక్షిని కౌగిలించుకొనెను. ప్రాణము పోవువరకు చెంత నుండెను. తన చేతులతో దహనము చేసి, గోదావరిలో ఉదకమిచ్చి, అటుపిమ్మటనే కదలెను. ఆయన కన్న తొందరైన పని మనలో ఎవరికున్నది?

శుభం భూయాత్.