రౌటర్ బిగించడం వచ్చా?

ఓఎస్‌ఐ మోడల్‌లోని ఏడు లేయర్ల పేర్లు గడగడా చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. డబ్బాలోంచి రౌటర్ తీసి, ర్యాక్‌లో బిగించి, సాయంత్రానికల్లా ఇంటర్నెట్ ఇచ్చి వచ్చేవాళ్లే తక్కువ. నెట్‌వర్కింగ్‌లో మొదటి ఉద్యోగం కావాలంటే ఆ రెండో వరసలో నిలబడటమే దగ్గరి దారి.

"నెట్‌వర్కింగ్ అంటే హైదరాబాద్ వెళ్లాలి, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకోవాలి, ఆ తర్వాత ఏదో పెద్ద కంపెనీ పిలవాలి..." చాలామంది డిగ్రీ, బీటెక్ విద్యార్థుల లెక్క ఇదే. ఒక్కసారి ఉయ్యూరు మెయిన్ రోడ్డు మీద నడుస్తూ తల పైకెత్తి చూడండి. స్తంభాల వెంట నల్లటి ఫైబర్ కేబుళ్లు సాగిపోతుంటాయి. ప్రతి కేబులూ ఎక్కడో ఒకచోట ఒక ర్యాక్‌లోకి దిగాల్సిందే. ఆ ర్యాక్‌లోని పెట్టెను ఎవరో ఒకరు బిగించాల్సిందే. ఆ ఎవరో మీరే ఎందుకు కాకూడదు?

పని మన స్తంభాల మీదే ఉంది

ఏపీ ఫైబర్‌నెట్ సంస్థ 2015లో ఏర్పాటైంది. రోడ్లు తవ్వి కేబుల్ వేయాలంటే ఖర్చు, ఆలస్యం. అందుకని కరెంటు స్తంభాలనే వాడుకుని రాష్ట్రమంతా దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగారు. పరికరాలు పెట్టడానికి విద్యుత్ సబ్‌స్టేషన్లను ఎంచుకున్నారు. మొత్తం నెట్‌వర్క్‌ని గమనించే కేంద్రం విశాఖపట్నంలో పెట్టారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ప్రాజెక్టును ప్రారంభించారు. ఇంటికి వైరు లాగి కనెక్షన్ ఇచ్చేది మాత్రం ఊళ్లో ఉండే కేబుల్ ఆపరేటరే.

కేంద్రం 2023 ఆగస్టులో సవరించిన భారత్‌నెట్ కార్యక్రమానికి 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. అందులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది: బ్లాకుల్లో, గ్రామ పంచాయతీల్లో రౌటర్లు పెట్టి, వాటిని రింగ్ పద్ధతిలో కలపడం. ఒకవైపు కేబుల్ తెగినా రెండోవైపు నుంచి డేటా తిరిగొస్తుందన్నమాట. అంటే రౌటర్ ఇప్పుడు పెద్ద నగరాల డేటా సెంటర్‌కే పరిమితమైన వస్తువు కాదు. ఆసుపత్రులు, బ్యాంకు బ్రాంచీలు, కాలేజీలు, ఆపరేటర్ల ఆఫీసులు... అన్నిచోట్లా ర్యాక్ ఉంది. అది ఆగిందంటే కౌంటర్ దగ్గర క్యూ కూడా ఆగిపోతుంది.

సరే, పని నేర్చుకుందాం. ఉయ్యూరులో ఒక కాలేజీ అనుకోండి. ఒక కంప్యూటర్ ల్యాబ్, ఒక ఆఫీసు గది. మీ చేతికి కొత్త రౌటర్ ఇచ్చి పంపారు. ఎక్కడ మొదలుపెడతారు?

ముందు గది, తర్వాత పెట్టె

డబ్బా విప్పకముందే గది చూడండి. చాలా ఎంటర్‌ప్రైజ్ రౌటర్లకు గరిష్ఠంగా 40 డిగ్రీల వరకే అనుమతి ఉంటుంది. మన డెల్టాలో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట తలుపులు మూసిన గది ఆ గీత దాటడం పెద్ద విషయం కాదు. మోడల్ డేటాషీట్‌లో ఆ అంకె ఎంతో చూసుకుని, ఏసీ గానీ, కనీసం గాలి బయటకు లాగే ఫ్యాన్ గానీ అడగండి. కిటికీ పక్కన వాన జల్లు పడే చోటు వద్దు. ఎలుకలు దూరే కన్నాలుంటే మూయించండి. ఈ మాటలు పుస్తకంలో ఉండవు గానీ, సైట్ మీద సగం ఫిర్యాదులు ఇక్కడే పుడతాయి.

తర్వాత ఎర్తింగ్. మల్టీమీటర్ తీసి సాకెట్‌లో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ చూడండి. రెండూ దాదాపు సమానంగా, 230 వోల్టుల చుట్టుపక్కల రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకుండా ఉంటే మంచిది. ఎక్కువగా చూపిస్తే రౌటర్ పవర్ ఆన్ చేయొద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి. ఉరుములు మెరుపులతో కూడిన వానలు మనకు కొత్త కాదు. మంచి ఎర్త్ లేని ర్యాక్ పిడుగుకి ఎదురెళ్లి నిలబడినట్టే. ర్యాక్ ఫ్రేమ్‌కీ, రౌటర్ వెనక ఉండే ఎర్త్ స్క్రూకీ విడిగా ఆకుపచ్చ వైరు కలపండి.

మూడు రంధ్రాల లెక్క

ర్యాక్ వెడల్పు 19 అంగుళాలు. ఎత్తు లెక్క 'యు'లలో ఉంటుంది. ఒక యు అంటే 44.45 మిల్లీమీటర్లు. పెద్ద ర్యాక్‌లు 42 యు, గోడకు బిగించే చిన్నవి 6 యు, 9 యు ఉంటాయి.

కొత్తవాళ్లు ఇరుక్కునేది రంధ్రాల దగ్గర. ఒక్కో యుకి మూడు రంధ్రాలు. వాటి మధ్య దూరాలు సమానంగా ఉండవు: 15.9, 15.9, ఆ తర్వాత 12.7 మిల్లీమీటర్లు. ఆ దగ్గరి దూరం మధ్యలోనే ఒక యు ముగిసి ఇంకోటి మొదలవుతుంది. కాబట్టి దగ్గరగా ఉన్న రెండు రంధ్రాలు వేర్వేరు యులవి. ఇది తెలియకపోతే కేజ్ నట్ తప్పు రంధ్రంలో పడుతుంది, రౌటర్ చెవులు స్క్రూకి అందవు. ఎడమ, కుడి స్తంభాల్లో ఒకే ఎత్తులో నట్లు పెట్టారో లేదో పెన్సిల్ గుర్తుతో సరిచూసుకోండి.

బరువైన యూపీఎస్ అడుగున, రౌటర్, స్విచ్ పైన. ఒకరు పట్టుకుంటే ఒకరు బిగించాలి. అన్ని స్క్రూలూ సగం బిగించాక, చివర్లో ఒక్కొక్కటీ గట్టిగా తిప్పండి. గాలి ఎటు నుంచి లోపలికి వెళ్లి ఎటు బయటకొస్తుందో మాన్యువల్‌లో చూసి, ఆ దారిని కేబుళ్లతో మూసేయకండి. ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లా లేబుల్ వేయండి. రేపు అర్ధరాత్రి ఎవరో వచ్చి చూసేది ఆ లేబులే.

ఫైబర్ విషయంలో మూడు జాగ్రత్తలు. కనెక్టర్ కొనలోకి కంటితో చూడొద్దు, ఆ కాంతి కనిపించదు గానీ కంటికి ప్రమాదం. ఆకుపచ్చ కనెక్టర్‌ని నీలం దానికి కలపొద్దు, ఆకుపచ్చ దాని కొన 8 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది. ఫైబర్‌ని కరెంటు వైరులా మడిచి కట్టొద్దు.

మొదటి పలకరింపు కన్సోల్‌తోనే

కొత్త రౌటర్‌కి ఐపీ అడ్రస్ ఉండదు, కాబట్టి నెట్‌వర్క్ మీదుగా దాన్ని పలకరించలేం. కన్సోల్ కేబుల్ ల్యాప్‌టాప్‌కి పెట్టి పుట్టీ లాంటి సాఫ్ట్‌వేర్ తెరవండి. సిస్కోలో వేగం 9600, డేటా బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1, ఫ్లో కంట్రోల్ లేదు. ఈ అంకెలు నోటికి రావాలి, ఇంటర్వ్యూలో అడుగుతారు.

ఇక కాన్ఫిగరేషన్ ఈ వరసలో సాగాలి.

1. పేరు, తాళం: రౌటర్‌కి హోస్ట్‌నేమ్ పెట్టండి. ఎనేబుల్ సీక్రెట్, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. టెల్నెట్ ఆపేసి ఎస్‌ఎస్‌హెచ్ మాత్రమే ఉంచండి.

2. బయటి వైపు: ప్రొవైడర్ ఇచ్చిన చీటీలో 203.0.113.2, మాస్క్ 255.255.255.252, గేట్‌వే 203.0.113.1 అని ఉందనుకుందాం. ఈ అడ్రస్‌లు ఉదాహరణల కోసమే కేటాయించినవి, నిజం సైట్‌లో వేరేవి ఉంటాయి. ఆ మాస్క్‌తో నాలుగు అడ్రస్‌లే వస్తాయి, వాడుకోగలిగేవి రెండే: ఒకటి వాళ్లది, ఒకటి మనది. అడ్రస్ ఇచ్చాక 'నో షట్‌డౌన్' కొట్టాలి. సిస్కో రౌటర్ ఇంటర్‌ఫేస్‌లు మొదట మూసే ఉంటాయి.

3. లోపలి వైపు: ల్యాబ్‌కి 192.168.10.0, ఆఫీసుకి 192.168.20.0. రెండూ వేర్వేరు వీల్యాన్‌లు. ల్యాబ్‌లోని పిల్లలు ఫీజుల లెక్కలున్న కంప్యూటర్ దాకా వెళ్లకుండా యాక్సెస్ లిస్ట్ పెట్టండి. కాలేజీ యాజమాన్యం ఈ మాట అడగకపోవచ్చు, మీరే చెప్పాలి.

4. డీహెచ్‌సీపీ: కంప్యూటర్లకు అడ్రస్‌లు వాటంతటవే వచ్చేలా. ప్రింటర్, సర్వర్ అడ్రస్‌లను ముందే పక్కన పెట్టండి.

5. దారి, మారుపేరు: డీఫాల్ట్ రూట్ గేట్‌వే వైపు. నాట్ ఓవర్‌లోడ్‌తో లోపలి అడ్రస్‌లన్నీ ఒకే బయటి అడ్రస్ పేరుతో వెళ్తాయి. ఏ ఇంటర్‌ఫేస్ లోపలిది, ఏది బయటిది అని చెప్పడం మర్చిపోతే ఎంత రాసినా నెట్ రాదు.

6. గడియారం, లాగ్‌లు: ఎన్‌టీపీ పెట్టి టైమ్ జోన్ 5 గంటల 30 నిమిషాలు చేయండి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లను 180 రోజులు దాచాలి, గడియారాలు సరిచూసుకోవాలి. టైమ్ తప్పున్న లాగ్‌తో ఏ విచారణా ముందుకు కదలదు.

7. సేవ్: మీరు రాసిందంతా ఇప్పటికి ర్యామ్‌లోనే ఉంది. రన్నింగ్ కాన్ఫిగ్‌ని స్టార్టప్ కాన్ఫిగ్‌లోకి కాపీ చేయకపోతే ఒక్క కరెంటు కోతతో పని మొత్తం పోతుంది. ఒక కాపీ ల్యాప్‌టాప్‌లోనూ ఉంచుకోండి.

కొమ్మ మీద కూర్చుని కొమ్మ నరకొద్దు

రేపు విజయవాడ ఆఫీసులో కూర్చుని ఉయ్యూరు రౌటర్‌లో యాక్సెస్ లిస్ట్ మార్చారనుకోండి. ఒక్క లైన్ తప్పు పడితే మీ కనెక్షనే తెగిపోతుంది. బండేసుకుని సైట్‌కి వెళ్లడం తప్ప మార్గం ఉండదు. అందుకే అనుభవజ్ఞులు సిస్కోలో ముందుగా ఉన్న కాన్ఫిగ్‌ని సేవ్ చేసి, 'రీలోడ్ ఇన్ 10' అని కొట్టి, ఆ తర్వాతే మార్పు చేస్తారు. కనెక్షన్ తెగితే పది నిమిషాల్లో రౌటర్ రీస్టార్ట్ అయి పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అన్నీ బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టి, అప్పుడు సేవ్ చేస్తారు. మైక్రోటిక్‌లో ఇదే పనికి సేఫ్ మోడ్ ఉంది. ఇంటర్వ్యూలో ఈ ఒక్క విషయం మీరుగా ప్రస్తావించి చూడండి, ఎదుటివాళ్లు తల పైకెత్తుతారు.

భద్రతను చివరికి నెట్టేయొద్దు. 2018 మే నెలలో బయటపడ్డ వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లో దూరింది. వాటిలో ఎక్కువ భాగం ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఉండే రౌటర్లే. మార్చని డీఫాల్ట్ పాస్‌వర్డ్, అప్‌డేట్ చేయని సాఫ్ట్‌వేర్... ఇలాంటి దాడులకు మన చేతులతో మనం తెరిచిపెట్టే తలుపులు ఇవే.

'నెట్ రావట్లేదు' అంటే?

ఫ్రెషర్ ఇంటర్వ్యూల్లో తప్పక ఎదురయ్యే ప్రశ్న: "కస్టమర్ ఫోన్ చేసి నెట్ రావట్లేదన్నాడు. ఏం చేస్తావ్?" రౌటర్ రీస్టార్ట్ చేస్తానని చెప్పారా, అక్కడితో ఆగిపోతారు. కింది నుంచి పైకి రండి.

పవర్ ఉందా? పోర్ట్ లైట్ వెలుగుతోందా? ఇంటర్‌ఫేస్ అప్‌లో ఉందా, 'అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్' అని ఉందా? గేట్‌వేకి పింగ్ వెళ్తోందా? వెళ్తే బయటి అడ్రస్, ఉదాహరణకు 8.8.8.8కి వెళ్తోందా? రౌటర్ నుంచి వెళ్లి ల్యాబ్ కంప్యూటర్ నుంచి వెళ్లకపోతే నాట్ చూడాలి. అంకెలతో వెళ్లి వెబ్‌సైట్ పేరుతో తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్ చూడాలి. ఇలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ చెబితే, మీకు జవాబు తెలియకపోయినా పద్ధతి తెలుసని అర్థమవుతుంది. ఉద్యోగం ఇచ్చేది ఆ పద్ధతికే.

ఎలా మొదలుపెట్టాలి?

డబ్బు పెట్టకముందు ప్రాక్టీస్ పెట్టండి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఖాతా తెరిస్తే ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. పైన చెప్పిన కాలేజీ నెట్‌వర్క్‌ని అందులో కట్టండి. కట్టాక మీరే ఒకటి చెడగొట్టి, మీ ఫ్రెండ్‌తో బాగు చేయించండి. తర్వాత ఫ్రెండ్ చెడగొట్టింది మీరు బాగు చేయండి. చిన్న ఆపరేటర్ల దగ్గర మైక్రోటిక్ ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి దాని వర్చువల్ వెర్షన్ కూడా నేర్చుకోండి. ఉచిత లైసెన్స్‌లో వేగం 1 ఎంబీపీఎస్‌కే పరిమితం, నేర్చుకోవడానికి అది చాలు.

సర్టిఫికెట్ అంటే మొదట సీసీఎన్‌ఏ. పరీక్ష కోడ్ 200-301, సమయం 120 నిమిషాలు, రాయడానికి ముందస్తు అర్హతేమీ అక్కర్లేదు, పాసైతే మూడేళ్లు చెల్లుతుంది. ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం. ఇంట్లో వాళ్లకి ఇది చిన్న మొత్తం కాదు. అందుకే ల్యాబ్‌లో చేయి తిరిగాకే ఫీజు కట్టండి. ఉద్యోగ ప్రకటనల్లో ఫీల్డ్ ఇంజినీర్, ఎన్‌ఓసీ ఇంజినీర్, నెట్‌వర్క్ సపోర్ట్ ఎల్1 అనే పేర్లతో వెతకండి. ఉద్యోగం ఇప్పిస్తామంటూ ముందుగా డిపాజిట్ అడిగే కన్సల్టెన్సీలకు దండం పెట్టి బయటకొచ్చేయండి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇది ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగం కాకపోవచ్చు. మొదటి ఏడాది రాత్రి షిఫ్టులుంటాయి, వానలో బండి మీద తిరుగుళ్లుంటాయి, జీతం కోడింగ్ చేసే ఫ్రెండ్ కంటే తక్కువగా మొదలుకావచ్చు. కానీ ఇక్కడ నేర్చిన రౌటింగే రేపు క్లౌడ్‌కీ, సైబర్ సెక్యూరిటీకీ పునాది. నిజం ర్యాక్ మీద చేయి పెట్టినవాళ్లకి ఆ పై మెట్లు తేలిగ్గా అర్థమవుతాయి.

ఈ వారం ఒక పని చేయండి. మీ కాలేజీ ల్యాబ్ ఇన్‌ఛార్జ్‌ని గానీ, మీ వీధి కేబుల్ ఆపరేటర్‌ని గానీ అడిగి ఒక ర్యాక్ దగ్గరికి వెళ్లండి. ఏ కేబుల్ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో కాగితం మీద బొమ్మ గీయండి. ఏదీ ముట్టుకోకండి, గీయండి చాలు. ఇంటర్వ్యూకి రెజ్యూమేతో పాటు ఆ కాగితం కూడా పట్టుకెళ్లండి. రౌటర్ అంటే ఏమిటని అడిగితే, ఆ బొమ్మ తీసి టేబుల్ మీద పెట్టి చెప్పడం మొదలుపెట్టండి.